సున్నపురాయి వెల

ఇంటి గోడకు పూయు సున్నమునకు, ఇంటిని నిలబెట్టు సిమెంటుకు మూలము సున్నపురాయి. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలలో ఈ రాయి సమృద్ధిగా ఉన్నది. ఆదిలాబాదు సీమలోని రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెనుగంగ నది పేరే పెట్టినారు. మంచిర్యాలలోను, 1969లో బసంతనగరములోను, 1982లో దేవాపూరులోను సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణము ఈ రాయియే. టన్ను సిమెంటుకు సుమారు ఒకటిన్నర టన్నుల రాయి కావలెను.

ఇట్లు తవ్వుకొన్న రాతికి గనిదారు ప్రభుత్వమునకు చెల్లించు సొమ్మును రాయల్టీ అందురు. 1957 నాటి గనుల చట్టము ననుసరించి సిమెంటు రాతికి రేటు నిర్ణయించునది కేంద్ర ప్రభుత్వము. సొమ్ము చేరునది రాష్ట్ర ఖజానాకు. మూడేండ్లలో ఒకసారికి మించి రేటు పెంచరాదు. 2009లో టన్నుకు 63 రూపాయలుగా ఉన్నది 2014లో 80 రూపాయలైనది.

ఈ సొమ్ము పన్నా, లేక వెలయా? 1989లో ఇండియా సిమెంట్స్ కంపెనీ వ్యాజ్యములో సుప్రీంకోర్టు దీనిని పన్ను అన్నది. ఆ వ్యాజ్యము కూడ సున్నపురాయిని గూర్చినదే. 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనిమిదిమంది ఏకాభిప్రాయముతో, ఇది పన్ను కాదు, కౌలు ఒప్పందము ప్రకారము ఇచ్చు ప్రతిఫలమని తీర్పు చెప్పినది.

ఈ భేదము న్యాయవాదులకు మాత్రమే సంబంధించినది కాదు. పొలము మరుసటి యేడు మరల పండును. తవ్విన రాయి మరల పుట్టదు. ఆ చోట మిగులునది గుంట. కనుక రాయల్టీ, ఆస్తిని అమ్మగా వచ్చిన సొమ్మువంటిది. దానిని నిత్యవ్యయములకు వాడి వేసినచో రాబోవు తరమునకు రాయియు లేదు, రొక్కమును లేదు.

గని పక్కన దుమ్మును, పేలుళ్లను భరించు గ్రామముల మాట యేమి? 2015లో చట్టమును సవరించి జిల్లా ఖనిజ నిధి నేర్పరచినారు. ఆ యేడు జనవరి 12కు పూర్వపు కౌలుదారులు రాయల్టీకి అదనముగా అందులో 30 శాతము, అటుపిమ్మట కౌలు పొందినవారు 10 శాతము ఈ నిధికి చెల్లించవలెను. 80 రూపాయల రేటుపై ఇది టన్నుకు 24 రూపాయలు, లేక 8 రూపాయలు. త్రాగునీరు, వైద్యము, విద్యవంటి వాటికి ఇందు ప్రాధాన్యము. గిరిజన షెడ్యూల్డు ప్రాంతములలో ఆ పనులకు గ్రామసభ ఆమోదము అవసరము.

కావున గని పరిసర గ్రామస్థులు నిధికి ఎంత వచ్చినది, ఏ ఊరికి ఏమి చేసినారు అని గ్రామసభలో అడుగుట యాచన కాదు. అమ్మిన తమ రాతికి లెక్క చూచుకొనుట మాత్రమే.