కొలువు ముందు, కళాశాల తరువాత

బ్యాంకులో గాని, వ్యాపార సలహాలిచ్చు కన్సల్టింగు సంస్థలో గాని తమ బిడ్డ పెద్ద ఉద్యోగము చేయవలెనని కోరు తల్లిదండ్రులు మొదట అడుగునది, ఏ విశ్వవిద్యాలయము మంచిదని. అంతకుముందే తేల్చుకొనవలసినది మరియొకటి కలదు. ఆ రెండింటిలో ఏది కావలెను? ఏలనగా వాటి ద్వారములు వేరు.

ప్రభుత్వరంగ బ్యాంకులలో ప్రొబేషనరీ ఆఫీసరు పదవికి, గుర్తింపు పొందిన ఏ విశ్వవిద్యాలయపు పట్టా అయినను చాలును. చదివినది గణితమైనను, తెలుగైనను సరియే. అచ్చట నిర్ణయించునవి పోటీ పరీక్షయు, ఇంటర్వ్యూయు గాని కళాశాల పేరు కాదు. బ్యాంకింగు నేర్చుకొనుటకు చేరిన పిదప జె.ఏ.ఐ.ఐ.బి., సి.ఏ.ఐ.ఐ.బి. పరీక్షలు ఉండనే ఉన్నవి. 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిన పట్టాభి సీతారామయ్యగారు చదివినది వైద్యము! (ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.) ఇట్టి కొలువునకై పొలము తాకట్టు పెట్టి ఖరీదైన కళాశాలలో చేర్పించుట నాకు దండుగగా తోచును.

కన్సల్టింగు తీరు వేరు. మెకిన్సీ వంటి సంస్థలు 1961లో వెలసిన అహమ్మదాబాదు, కలకత్తా మేనేజిమెంటు విద్యాలయముల వంటి కొద్ది చోట్లకే వచ్చి విద్యార్థులను ఎన్నుకొనుట పరిపాటి. అచ్చట విద్యాలయపు పేరునకు నిజముగా విలువ గలదు. బి.ఏ. ఎచ్చట చదివినను, క్యాట్ పరీక్షలో నెగ్గి ఆ విద్యాలయములలో ప్రవేశింపవచ్చును.

వేరొక మేనేజిమెంటు కళాశాలలో చేరదలచినచో, కరపత్రములోని అత్యధిక జీతము చూచి మురిసిపోకుడు. నిరుడు ఏ సంస్థలు వచ్చినవి? ఎందరిని తీసికొన్నవి? తరగతిలో నడిమి విద్యార్థికి ఎంత జీతము దక్కినది? వీనికి వ్రాతమూలకముగా జవాబు వచ్చువరకు రుసుము చెల్లింపకుడు.