లాభము ఎల్లలు దాటినది, బాధ్యత ఎక్కడ ఆగినది?

(ఖుర్సీపార్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమునకు వచ్చుచు మాలో కొందరము భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో రైలు దిగినాము. 1992 జూలై 1వ తేదీన ఆ స్టేషను పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపినారు. పదహారు మంది కార్మికులు నేలకొరిగినారు. వారు కోరినది బ్రతుకుటకు చాలినంత వేతనము, కాంట్రాక్టు బెడద లేని స్థిరమైన పని, తొలగించిన వారిని తిరిగి తీసుకొనుట. అంతకు ముందటి సంవత్సరము, 1991 సెప్టెంబరు 28న, వారి నాయకుడు శంకర్ గుహ నియోగీని ఈ భిలాయిలోనే, నిద్రలో ఉండగా కాల్చి చంపినారు. పదమూడు సంవత్సరములు గడచిన పిదప, 2005లో, సుప్రీంకోర్టు తుపాకి పేల్చిన వానికి యావజ్జీవ శిక్ష విధించి, నిందితులుగా నిలిచిన పారిశ్రామికవేత్తలను నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఆ తీర్పును మేము ఇక్కడ విచారింపబోము. వ్యాపార నీతిని గూర్చి ప్రసంగించుమని మీరు మమ్ము కోరినారు గనుక, ఆ మాట ఈ నేలపై ఎంత బరువు గలదో ముందుగా గుర్తు చేసినాము.

ఈ రోజులలో ప్రతి పెద్ద కంపెనీయు తన సామాజిక బాధ్యతను గూర్చి నునుపైన కాగితముపై పుస్తకములు అచ్చు వేయుచున్నది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమాణము మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభములో రెండు శాతమును సామాజిక కార్యములకు వెచ్చించవలెను. దీనిని మేము ఎగతాళి చేయము. కొన్ని ఊళ్ళకు బడిగదులు, మరుగుదొడ్లు ఈ డబ్బుతోనే వచ్చినవి. అయితే ఇది లాభము చేతికి వచ్చిన తరువాతి మాట. ఆ లాభము ఏ విధముగా వచ్చినది, ఎవరి ఊపిరితిత్తుల మీదుగా వచ్చినది అను ప్రశ్న ఆ రెండు శాతములో ఇమిడి లేదు.

విశాఖపట్నములోని వెంకటాపురము సంగతి చూడుడు. అచ్చట బంధువులు లేని తెలుగు కుటుంబము ఈ వాడలో అరుదు గనుక, ఆ ఉదయము ఇక్కడ ఎన్ని ఫోనులు మ్రోగినవో మాకంటె మీకే ఎక్కువ తెలియును. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా నెలకొన్న ఆ కర్మాగారమును 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కెమ్ కొనుగోలు చేసి ఎల్.జి. పాలిమర్స్‌గా నడిపినది. 2020 మే 7న తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో మూతపడియున్న ఫ్యాక్టరీ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రించుచున్న ఊరిని కమ్మినది. పన్నెండుగురు మరణించినారు, వందలాది మంది ఆసుపత్రుల పాలైనారు.

ఇది దైవఘటన కాదు. స్టైరీన్ వేడెక్కిన కొలది తనంతట తాను గట్టిపడుచు మరింత వేడిని పుట్టించును. అందుచేత దానిని చల్లగా ఉంచవలెను, ఆ చర్యను అడ్డగించు రసాయనమును కలుపుచుండవలెను. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి కమిటీ పరిశీలనలో తేలినదేమి? ఉష్ణోగ్రతను కొలుచు సాధనము ట్యాంకు అడుగున మాత్రమే ఉన్నది, పైభాగము ఎంత కాగుచున్నదో తెలిపెడి ఏర్పాటు లేదు. అడ్డగించు రసాయనము తగినంత నిల్వ లేదు. ఊరిని హెచ్చరించవలసిన సైరను మ్రోగలేదు. ఇంకొక మాట. తాము ఉత్పత్తి చేయుచున్న పరిమాణమునకు తగిన పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని 2019 మే నెలలో ఆ కంపెనీయే ప్రమాణపత్రములో వ్రాసియిచ్చినది. అనగా ప్రమాదమునకు ఒక సంవత్సరము ముందే కాగితము మీద ఒప్పుకోలు ఉన్నది. ఆ కాగితమును అందుకొన్న కార్యాలయములు కూడ ఈ ప్రశ్న నుండి తప్పించుకొనజాలవు.

భోపాల్ మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి, స్టేషనులో విధి నిర్వహణలో ఉన్న డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటు గులాం దస్తగీర్ వేళ కాకమునుపే ఎక్స్‌ప్రెస్ బండికి అనుమతి యిచ్చి వందలాది ప్రయాణికులను విషవాయువు నుండి దాటించినారు. ఆ వాయువు తెచ్చిన జబ్బుతో జీవితాంతము బాధపడి, 2003లో కన్నుమూసినారు. తన వాడని నేరమునకు ఒక రైల్వే ఉద్యోగి ఆ విధముగా బాధ్యత వహించినాడు. యూనియన్ కార్బైడ్ అధ్యక్షుడు ఆండర్సన్ మాత్రము భారతదేశపు కోర్టు బోను ఎక్కకుండగనే 2014లో అమెరికాలో మరణించినాడు. 1989లో 47 కోట్ల డాలర్లతో కంపెనీ వ్యవహారము ముగించుకొన్నది. ఆ మొత్తమును పెంచుమని కోరిన పిటిషనును 2023 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చినది.

ఇది ఎట్లు సాధ్యమైనది? మాకు తెలిసిన ఒక చిన్న ఉదంతముతో చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట ఒక కార్ఖానాలో చేయి నలిగిన కాంట్రాక్టు కార్మికుని కొరకు మేము కాళ్ళరిగేలా తిరిగినాము. యాజమాన్యము కాంట్రాక్టరును చూపినది. కాంట్రాక్టరు తన క్రింది కాంట్రాక్టరును చూపినాడు. అతడు మస్టరు తెరచి చూపగా, అందులో ఆ దినమున ఈ మనిషి పేరే లేదు! అతని జేబులోని గేటు పాసు ఒక్కటే మిగిలినది. అప్పుడు అమలులో ఉన్న 1923 నాటి పరిహార చట్టములోని 12వ సెక్షను క్రింద ప్రధాన యజమాని ముందు చెల్లించి, పిదప కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవలసియుండెను. ఆ గేటు పాసు బలముతోనే కేసు నిలిచినది. సముద్రములు దాటిన కంపెనీల వ్యవహారమూ ఇదే వరుసలో నడచుచున్నది. మాతృ సంస్థ ఒక దేశములో, అనుబంధ సంస్థ మరొక దేశములో ఉండును. చట్టము దృష్టిలో అవి వేర్వేరు వ్యక్తులు. లాభము క్రింది నుండి పైకి ప్రాకును, నేరము మాత్రము ఎక్కడికక్కడే ఆగిపోవును. ఆ మాతృ సంస్థ చేతికి కట్టవలసిన గేటు పాసును మనము ఇంకను వెదకుచున్నాము.

కొంత దొరకకపోలేదు. ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన కేసులో, 1986 డిసెంబరున, ప్రమాదకర పరిశ్రమ నడుపు సంస్థకు సంపూర్ణ బాధ్యత కలదని, ఏ మినహాయింపును చెల్లదని మన సుప్రీంకోర్టే చెప్పినది. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనము కూలి 1,134 మంది మరణించిన తరువాత, విదేశీ దుస్తుల కంపెనీలు కార్మిక సంఘములతో చట్టబద్ధమైన ఒడంబడికపై సంతకము చేసినవి. మునుపటి స్వచ్ఛంద నీతి నియమావళులకు, దీనికి గల తేడా ఒక్కటే. ఇందులో సంఘము సంతకము ఉన్నది, మాట తప్పిన కంపెనీని నిలదీయు హక్కు ఉన్నది. సంతకము చేసిన సంఘములలో ఒకటైన యూని, ప్రపంచ తపాలా ఉద్యోగుల సంఘములకు కూడ సమాఖ్యయే.

విదేశీ కంపెనీలను తిట్టుట సుళువు. మన ప్రభుత్వరంగము సంగతి? మన బండ్లు పరుగెత్తు 260 మీటర్ల పట్టాలు ఈ భిలాయిలోనివే. వాటిని తయారు చేయు ఈ కర్మాగారములో 2014 జూన్ 12న నీటి పంపుహౌసు వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు మరణించినారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాసు పైపు వద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా బలియైనారు. ఆ తరువాత కర్మాగారపు ముఖ్య అధికారిని పదవి నుండి తొలగించినారు. బాధ్యతను పై మెట్టు వరకు తీసుకొనిపోవుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది. మన స్టేషను ఊడ్చు కాంట్రాక్టు స్త్రీని, ఉత్తరములు మోయు గ్రామీణ డాక్ సేవకుని గూర్చి మనము ఎన్ని తీర్మానములు చేసినామో కూడ లెక్క చూచుకొనుట మంచిది.

ఇక అసలు విషయము. 2004 జనవరి 1 తరువాత కేంద్ర ప్రభుత్వ కొలువులో చేరిన మీ అందరి పింఛను చందాలో కొంత భాగము కంపెనీల వాటాలలోనికి పోవుచున్నది. అనగా, ఇష్టమున్నను లేకున్నను, మీరు ఆ కంపెనీలలో భాగస్వాములు. మీ తరఫున పింఛను నిధి నిర్వాహకులు వాటాదారుల సమావేశములలో ఓటు వేయుచున్నారు. మీ ఓటు ఎటు పడినదో మీలో ఎవరికైనా తెలియునా? స్టాకు మార్కెట్టులో నమోదైన వేయి పెద్ద కంపెనీలు 2022-23 నుండి ఏటేటా బాధ్యతా నివేదిక ప్రచురించుట తప్పనిసరి అయినది. అందులో కాంట్రాక్టు వారితో సహా కార్మికుల మరణములను, గాయములను చూపు పట్టిక ఒకటి ఉండును. చిన్న అక్షరములలో, చివరి పుటలలో ఉండును గాని, ఉండును.

ఆ పట్టికలో మరణములు చూపిన కంపెనీల విషయమున మా ఓటును ఎట్లు వినియోగించినారని పింఛను నిధులను అడుగుచు ఒక లేఖ ముసాయిదాను మేము సిద్ధము చేసినాము. అన్ని శాఖలకును పంపుచున్నాము. శాఖా కార్యదర్శులు సంతకములు సేకరించునపుడు చందాదారుల ఖాతా సంఖ్యలు వ్రాయించవలదు. పేరు, హోదా, డివిజను చాలును.