మాటతో పాటు వివరం కూడా

ఉపకార వేతనాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు.

కరోనా కాలంలో ప్రభుత్వాలు ప్రజలకు విషయం చెప్పిన తీరుపై చాలా చర్చ జరిగింది. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని నరేంద్ర మోదీ గారు, అర్ధరాత్రి నుంచి 21 రోజుల లాక్‌డౌన్ అని ప్రకటించారు. గడువు నాలుగు గంటలు. ఏ కొట్లు తెరుస్తారో తెలియక జనం కిరాణా దుకాణాలకు పరుగెత్తారు. పేదలకు 1.70 లక్షల కోట్ల రూపాయల సాయం 26న ప్రకటించారు. అప్పటికే పని పోయిన వలస కూలీలు కాలినడకన ఊళ్ళదారి పట్టారు.

న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ మార్చి 21న నాలుగు దశల పద్ధతి వివరించి, 23న పూర్తి మూసివేతకు 48 గంటల గడువిచ్చారు.

అది చిన్న దేశమనీ, ఇక్కడ గడువిస్తే రోగం ఊరూరా పాకేదనీ కొందరంటారు. ఆ వాదనలో బలముంది. కానీ తిండి, కూలి, ప్రయాణం సంగతి అదే రాత్రి తేల్చి చెప్పవలసింది.

బ్యాంకు కౌంటరులో 'రేపు సెలవు' అని బోర్డు పెడితే చాలదు. పింఛను ఏ రోజు ఇస్తారో కూడా రాయాలి.

పిల్లలూ, మీలో కొందరు రేపు అధికారులవుతారు. ఇంట్లో తెలుగే తప్ప ఇక్కడి రాష్ట్ర భాష చదవలేని పెద్దలు మనలోనే ఉన్నారు. ఉత్తర్వు రాసేటప్పుడు వారిని తలచుకోండి.