ఇంకుడు గుంత ఫొటో చెప్పని సంగతి



కోటబొమ్మాళి, టెక్కలి వైపు నుంచి ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి వెళ్లాలంటే చాలామంది పిల్లలకి బస్సే దిక్కు. విశ్వవిద్యాలయాల పర్యావరణ శ్రద్ధని కొలవడానికి ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010లో మొదలుపెట్టిన గ్రీన్‌మెట్రిక్‌లో రవాణాకీ మార్కులున్నాయి. ఆ కొలతతో చూస్తే, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చే విద్యార్థే క్యాంపస్‌కి మార్కులు సంపాదించిపెట్టేది.

మన దేశంలో విద్యాసంస్థలకి గుర్తింపునిచ్చే న్యాక్ కూడా ఏడో ప్రమాణం కింద సౌర విద్యుత్తు, వాన నీటి సంరక్షణ, చెత్త నిర్వహణ, గ్రీన్ ఆడిట్ గురించి అడుగుతూ వచ్చింది. మంచిదే. సాక్ష్యంగా జియోట్యాగ్ ఫొటోలు పెట్టమంటూ వచ్చింది. ఫొటోలో ఇంకుడు గుంత కనిపిస్తుంది. రాలిన ఆకులు కుళ్లి, ఒండ్రు పేరుకుని, శ్రావణంలో కురిసిన వాన గుంతలో ఇంకకుండా రోడ్డు మీద పారిపోతోందా అన్నది మాత్రం కనిపించదు. నాటిన మొక్కలు లెక్కకొస్తాయి. మూడో వేసవి దాటి బతికినవెన్నో లెక్కపెట్టేదెవరు? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు పడగొట్టిన చెట్లని కళ్లారా చూసిన ప్రాంతమిది. ఇక్కడ ఆ రెండో లెక్కే అసలు లెక్క.

కాగితం ఒకటి, నేల ఒకటి చెబితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లాకి బాగా తెలుసు. సోంపేట బీలని, అంటే అక్కడి చిత్తడి నేలని, థర్మల్ ప్లాంటు కోసం పనికిరాని భూమిగా చూపించారు. చేపలు పట్టేవాళ్లకీ, ఆ నీటితో పొలాలు తడుపుకునే రైతులకీ అదే బతుకుతెరువు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసిందీ ఆ రోజే. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న, కోటబొమ్మాళికి పొరుగునే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో అలాంటి వివాదంలోనే మళ్లీ కాల్పులు. బీలలో రోజూ దిగేవాళ్లని ముందే అడిగి ఉంటే ఆ కాగితం అలా ఉండేది కాదు.

క్యాంపస్‌లో కూడా అలా ముందే అడగాల్సిన మనుషులున్నారు. మే నెలలో బోరు నీరు ఎంత లోతుకి దిగిందో మోటారు వేసే మనిషికి తెలుసు. హాస్టల్లో రాత్రి మిగిలిన అన్నం ఎటు పోతోందో గిన్నెలు తోమే ఆమెకి తెలుసు. ఆడిట్ బృందాలు ముందుగా కూర్చోవాల్సింది వీళ్ల దగ్గర.

పట్టా పుచ్చుకున్నాక కూడా ఈ లెక్కలు అడగడానికి దారుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. అయిదేళ్ల కరెంటు బిల్లులు, గ్రీన్ ఆడిట్ నివేదిక, మొక్కల రిజిస్టరు కావాలని పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.