నిద్ర విద్యకు శత్రువా?

 

ఈ గ్రంథాలయమున చదువుకొని విశ్వవిద్యాలయములకు వెడలిన పిల్లలు పరీక్షల దినములలో ఇంటికి ఫోను చేసినప్పుడు తల్లిదండ్రులు మొదట అడుగు ప్రశ్న "రాత్రి ఎంతవఱకు చదివితివి?" అనునదే. "తెల్లవాఱుదాక" అని సమాధానము వచ్చిన సంతోషింతురు. విద్యార్థి లక్షణములలో చెప్పబడిన శ్వాననిద్రను ఇందుకు ప్రమాణముగ చూపుదురు. కాని కుక్క నిద్ర మానుట ఎవరు చూచిరి? అది దినమున మనుష్యునికంటె ఎక్కువ కాలమే నిద్రించును. చప్పుడైన తత్క్షణమే లేచును. పెద్దలు మెచ్చినది ఆ మెలకువనే గాని జాగరణమును గాదు. చరకసంహిత ఆహారముతోబాటు నిద్రను గూడ దేహమును నిలుపు మూడు ఊతలలో ఒకటిగా లెక్కించినది.

ఈ విషయమును శాస్త్రజ్ఞులును పరీక్షించి చూచిరి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు జరిపి 1924లో ప్రకటించిన పరిశోధనలో ఇద్దఱు విద్యార్థులు అర్థములేని అక్షరకూటములను పదేసి చొప్పున కంఠస్థము చేసిరి. పిమ్మట కొన్నిమార్లు నిద్రించి, కొన్నిమార్లు మేల్కొనియుండి, వానిని మరల అప్పగించిరి. ఎనిమిది గంటలు నిద్రించినప్పుడు పదింటిలో సగమునకు మించి జ్ఞప్తియందుండెను. అంత కాలమే మేల్కొనియుండినప్పుడు సుమారు ఒక్కటి మాత్రమే నిలిచెను. నిద్రలో మెదడు పగటి పాఠమును స్థిరపఱచుకొనునని తరువాతి పరిశోధనలును చూపినవి. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించినదానినిబట్టి, 17 గంటలు ఎడతెగక మేల్కొనియున్నవానికి కంటికిని చేతికినిగల పొందిక మద్యము సేవించినవానికివలె సడలును. అట్టి స్థితిలో బిడ్డను పరీక్షకు పంపుట ఏ తండ్రికి సమ్మతము?

కనుక విద్యార్థి చేయవలసినదేమి? పెద్దలకు రాత్రికి ఏడు గంటలకు తక్కువగాని నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్య నిపుణులు 2015లో నిర్ణయించిరి. పండుకొను వేళయు లేచు వేళయు నిత్యము ఒక్కటిగా నుండవలెను. చేతిఫోను పడకకు దూరముగా నుంచవలెను. పొద్దువాలిన పిమ్మట కాఫీ మానవలెను. సుమారు నాలుగు కప్పుల కాఫీలోనుండు కెఫీన్, పండుకొనుటకు ఆఱు గంటల ముందు పుచ్చుకొన్నను, గంటకు మించిన నిద్రను హరించునని 2013 నాటి పరిశోధనలో తేలినది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనున్న జాతీయ పోషకాహార సంస్థ, భోజనమునకు ముందొక గంటయు పిదప ఒక గంటయు కాఫీ, టీలు వలదని 2024లో సూచించినది. అవి ఆహారములోని ఇనుమును దేహమునకు చక్కగా అందనీయవు. వారమునకు 150 నిమిషములైనను వడిగా నడచుటవంటి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. రోజుకు ఇరువది రెండు నిమిషములు నడచిన ఆ లెక్క తీఱును.

ఏడాది లెక్కలను జమాబందికి ముందటి రాత్రి కూర్చుండి వ్రాసిన తప్పులు దొరలక మానవు. ఏనాటి పద్దు ఆనాడే వ్రాసినవాడు నిశ్చింతగ నిద్రించును. చదువును అట్టిదే, ఏనాటి పాఠము ఆనాడే చదివినవానికి జాగరణముతో పనిలేదు.

ఇకమీదట పిల్లలు ఫోను చేసినప్పుడు తల్లిదండ్రులు "రాత్రి ఎన్ని గంటలు నిద్రించితివి, నాయనా?" అని మొదట అడుగుదురుగాక. తరువాత చదువు సంగతి అడుగవచ్చును.

స్వస్తి.