పాత ఆటలకు హక్కుదారు

బెంగళూరులోని హూడి మెట్రోలో ఫోన్‌లో ఆటలాడే మన తెలుగు యువత తెలుసుకోవాల్సిన సంగతి ఇది. జపాన్ కంపెనీ డేటా ఈస్ట్ 1982లో 'బర్గర్‌టైమ్' ఆట తెచ్చింది. అందులో వంటవాడు బన్ను మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే, అది కింది అంతస్తుకు జారిపడుతుంది. 2003లో ఆ కంపెనీ దివాలా తీసింది. 2000లో పుట్టిన మొబైల్ గేమ్‌ల సంస్థ జీ-మోడ్, 2004లో డేటా ఈస్ట్ ఆటల్లో చాలావాటి హక్కులు కొనుక్కుంది. ఇతర సంస్థలకు లైసెన్సులిచ్చి వాటిని కొత్త యంత్రాల మీదికి తెచ్చింది. 2020లో తన పాత బటన్ ఫోన్ల ఆటలనూ నింటెండో స్విచ్‌లో అమ్మకానికి పెట్టింది. హూడి చుట్టుపక్కల ఆటలు తయారుచేసే మిత్రులారా, కోడ్‌తో పాటు హక్కుల పత్రాలనూ భద్రపరచండి. హక్కుదారు ఎవరో తేలని ఆట మళ్లీ బయటికి రావడం కష్టం.