కథకు ముందు కాగితం ముక్కలు

(మన సంఘం సభ్యుల కథాసంపుటి కోసం ఏర్పాటైన తొలి సమాలోచన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభ్యులు రాసిన కథలతో ఒక పుస్తకం తేవాలని కిందటి సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. కార్యదర్శిగారు అందరికీ ఉత్తరాలు రాశారు. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: ‘రాయాలనే ఉందండీ, దేని గురించి రాయాలో తోచడం లేదు.’ ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళపాటు నోట్‌ఫైళ్ళు రాసిన చేతులివి. రాయడం రాక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. ఆ ఒక్క విషయం మీదే ఈ పూట మాట్లాడతాను. కథ ఎలా రాయాలో చెప్పేటంతటి వాణ్ణి కాను. కథకు ముందు జరగవలసిన పని గురించి మాత్రం నాలుగు మాటలు మనవి చేస్తాను.

దానికంటే ముందు ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఈ డబ్బుతో వైద్య శిబిరం పెట్టవచ్చు కదా అని కొందరు మిత్రులు అన్నారు. న్యాయమైన మాటే, వైద్య శిబిరం పెట్టవలసిందే. అయితే మన పత్రిక చివరి పేజీ ఒక్కసారి చూడండి. అది శ్రద్ధాంజలి పేజీ. పేరు, హోదా, పదవీ విరమణ తేదీ, పరమపదించిన తేదీ. ఒక్కొక్కరికి నాలుగు వరుసలు. ఆ నాలుగు వరుసల్లో మనిషి ఎక్కడా కనిపించడు. బతికే ఉన్నామని ప్రభుత్వానికి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాం. ఏం చేస్తూ బతికామో మన మనవలకు మాత్రం చెప్పలేదు. కథలు అందుకోసం. ఈ పని వాయిదా వేసిన ప్రతి ఏడాదీ ఆ చివరి పేజీలోకి కొన్ని కథలు రాయకుండానే వెళ్ళిపోతున్నాయి.

సరే, కథకు ఆలోచన ఎక్కడ దొరుకుతుంది? మన తెలుగులోనే గొప్ప ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ తెలియనివారు ఇక్కడ లేరు. ఆ నాటకానికి వెనుక ఒక జాబితా ఉంది. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. మొత్తం 1034 తేలాయి. వారిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఈ అంకెలను గురజాడవారే తమ నాటకం మొదటి కూర్పు పీఠికలో ఉదహరించారు. మనమైతే అటువంటి జాబితాను ఏం చేసేవాళ్ళం? మొత్తం వేసి, సరిచూసి, సంతకం పెట్టి పై అధికారికి పంపేవాళ్ళం. ఆయన ఆ అంకెల వెనుక ఒక ఇల్లు చూశారు. బేరమాడే తండ్రిని, ఏడ్చే తల్లిని, ముసలి పెళ్ళికొడుకును, మధ్యలో లాభపడే పెద్దమనుషులను చూశారు.

ఇంకొక సంగతి. ఆ నాటకం మొదట ప్రదర్శించింది 1892లో, అచ్చయింది 1897లో. ఈనాడు మనం చదువుకునేది దాదాపు కొత్తగా తిరగరాసిన 1909 నాటి కూర్పు. మధురవాణి పాత్ర అంతగా పెరిగింది అందులోనే. అంటే మొదటి ఆలోచన వచ్చినప్పుడే అంతా రాదు. తొలి ఆలోచన విత్తనం వంటిది, అది చిన్నదిగా ఉందని పారేయకూడదు.

కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ కథ చూడండి. పైకి అది ఒక పాత అప్పు మీద ఊళ్ళో జరిగిన పంచాయితీ. మనలో రెవెన్యూలోనో, సహకార శాఖలోనో పనిచేసినవారు అటువంటి తగాదాలు ఎన్నో చూసి ఉంటారు. ఆ అప్పు ఎలా పెరిగింది, దాన్ని ఏ తరం మొయ్యాలి అని అడుగుతూ పోయారు కాబట్టి అది అంత పెద్ద కథ అయింది. సరుకు మన దగ్గరా ఉంది. ప్రశ్న అడగడమే మిగిలింది.

ఇప్పుడు పద్ధతి సంగతి. పదిమంది కూర్చుని ఆలోచనలు పోగుచేయడాన్ని ఇంగ్లీషువారు బ్రెయిన్‌స్టార్మింగ్ అంటారు. మన పత్రికలవారు మేధోమథనం అన్నారు. ఈ పేరు నాకు ఎంతో నచ్చింది. ఎందుకంటే క్షీరసాగరం చిలికినప్పుడు అమృతం చివర వచ్చింది. ముందు వచ్చింది హాలాహలం. మనం చిలికినా అంతే. మొదట వచ్చేవి తప్పిపోయిన ప్రమోషను, అన్యాయంగా ఇచ్చిన మెమో, రావలసిన ఎరియర్సు, పీడించిన పై అధికారి. అవి రానివ్వండి, మింగవద్దు. కాగితం మీద పెట్టి పక్కన ఉంచండి. అవి బయటికి వస్తేగాని వాటి కింద ఉన్నవి పైకి రావు.

ఈ బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చినవాడు అలెక్స్ ఆస్‌బర్న్ అనే అమెరికా ప్రకటనల సంస్థ అధిపతి. 1953లో పుస్తకం రాసి దానికి నాలుగు నియమాలు చెప్పాడు. ఆలోచన చెబుతూండగా ఎవరూ విమర్శించకూడదు. విచిత్రమైనదైనా ఆహ్వానించాలి. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరి ఆలోచనకు మరొకరు జోడించాలి. నియమాలు బాగున్నాయి. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయంవారు పరీక్షించి చూస్తే, గుంపుగా కూర్చున్న నలుగురికంటే, విడివిడిగా ఆలోచించి తరవాత కలిపిన నలుగురి దగ్గరే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. నలుగురిలో ఉన్నప్పుడు ఒకరు మాట్లాడుతూంటే మిగతావారు ఆగాలి, పైగా ఎవరేమనుకుంటారో అన్న జంకు ఒకటి.

మన సంఘంలో ఆ జంకు మరీ ఎక్కువ. తప్పుగా అనుకోవద్దు. పదవీ విరమణ చేసి పదిహేనేళ్ళయినా ఈ హాల్లో హోదాలు ఇంకా కుర్చీల్లో కూర్చునే ఉన్నాయి. సూపరింటెండింగ్ ఇంజనీరుగారు మాట్లాడాక వర్క్ ఇన్‌స్పెక్టరు లేచి ‘కాదండీ, ఆ రాత్రి గట్టు మీద జరిగింది వేరు’ అంటాడా? అనడు. కాని కథ ఆయన దగ్గరే ఉంది. అందుచేత నా సూచన ఇది. ప్రతివారూ ఇంటి దగ్గరే ఒంటరిగా కూర్చుని, చిన్న కాగితం ముక్కల మీద అయిదు ఆలోచనలు, ఒక్కొక్కటి రెండు మూడు వాక్యాల్లో రాయండి. పేరు రాయవద్దు, హోదా అసలే వద్దు. అవన్నీ ఒక డబ్బాలో వేద్దాం. చదవడం మాత్రం మనం చదవద్దు. దస్తూరీ చూసి మనిషిని పోల్చేస్తాం. మీ మనవడో మనవరాలో చదవాలి. చదువుతూ ఆ పిల్ల ఎక్కడ ఆగి ‘తాతయ్యా, లాంగ్ రోల్ అంటే ఏమిటి?’ అని అడిగిందో అక్కడ గీత పెట్టండి. మనకు అలవాటై కనిపించకుండా పోయినదే వాళ్ళకు వింత. కథ తరచు అక్కడే ఉంటుంది.

ఆ అయిదు కాగితాలకు కొన్ని దారులు చెబుతాను. ఒకటి, వస్తువు: ఆఫీసు టైప్‌మిషను, సైకిలు, స్టోర్సు తాళాల గుత్తి. రెండు, అంకె: ఒక రిజిస్టరులో మీరు వేసిన, ఇప్పటికీ మరిచిపోలేని అంకె. మూడు, ఎవరో అన్న ఒక్క మాట. నాలుగు, ఆఖరి రోజు: ఏదైనా ఒక పని లోకం నుంచి తొలగిపోయిన రోజు. 2013 జులై 14తో దేశంలో టెలిగ్రాములు ఆగిపోయాయి. టెలిగ్రాం అనగానే ఇంట్లో ఏడుపు మొదలయ్యే కాలం మనది. ఎందరి చావు కబుర్లో చేత్తో రాసిన తంతి ఉద్యోగి ఇంటికి ఒకనాడు తనకే ఒక టెలిగ్రాం వస్తే? ఇది ఒక విత్తనం. అయిదు, విపత్తు: 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సహాయ విధుల్లో ఉన్నవారు చూసింది ఏ నివేదికలోనూ పూర్తిగా ఎక్కలేదు.

విత్తనాన్ని కథగా ఎలా పెంచాలో ఒక్కటి చేసి చూపిస్తాను. కరణాల, మునసబుల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. ఇది వార్త. ఉద్యోగం పోయిన మర్నాడు ఒక కరణంగారు అలవాటు కొద్దీ స్నానం చేసి, అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నారు, ఎవరూ రాలేదు. ఇది సన్నివేశం. ఇంకా కథ కాలేదు. మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. పన్నెండేళ్ళ కిందట ఆ రైతు పొలం అడంగల్‌లో అన్న పేర రాసి, ఇతని నోట మట్టి కొట్టింది ఈ కరణంగారే. ఇప్పుడు కోర్టులో వాయిదా ఉంది. పాత లెక్క ఎక్కడ ఉందో, అందులో ఏముందో తెలిసిన మనిషి ఈయన ఒక్కరే. చెబితే రైతుకు పొలం వస్తుంది, ఈయనకు ఊళ్ళో పరువు పోతుంది. చెప్పకపోతే అడిగేవారు లేరు, ఎందుకంటే ఇప్పుడు ఆయన కరణమే కాదు. ఇదిగో, ఇప్పుడు కథ మొదలైంది. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఏమిటి, దక్కాలంటే దేన్ని వదులుకోవాలి? మీ ప్రతి కాగితాన్నీ ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబు లేకపోతే అది జ్ఞాపకం. జ్ఞాపకం మంచిదే, దానికి మన పత్రికలో వేరే శీర్షిక ఉంది.

ఇల్లాళ్ళకు ఒక మనవి. ఈ పుస్తకం ఉద్యోగులది మాత్రమే అనుకోవద్దు. నా సర్వీసు రిజిస్టరులో పదకొండు బదిలీలున్నాయి. ఆ లెక్క నేను ఎవరితోనో గర్వంగా చెబుతూంటే మా శ్రీమతి పక్క గదిలోంచి, ‘పదకొండు వంటిళ్ళు కూడా రాయండి’ అంది. తరవాత కూర్చుని చెప్పింది. ఏ ఊళ్ళో నీళ్ళు ఎంత దూరం నుంచి మోసిందో, ఏ ఇంటివాళ్ళు కులం అడిగాకే గది అద్దెకిచ్చారో, ఏ ఊరి బడిలో పిల్లవాడికి ఏడాది మధ్యలో సీటు ఇవ్వనన్నారో. నా రిజిస్టరులో ఒక్కొక్క బదిలీకి ఒకటే వాక్యం ఉంది. ఆమె దగ్గర ఒక్కొక్కదానికి ఒక కథ ఉంది. కాబట్టి ప్రతి ఇంటి నుంచీ అయిదు కాదు, పది కాగితాలు రావాలి.

ఇక కష్టమైన సంగతి. నిజం ఎంతవరకు రాయాలి? మన ఆఫీసుల్లో జరిగినదంతా పుణ్యకార్యమే అని రాస్తే మన మనవలే నవ్వుతారు. లంచం ఉంది, సిఫార్సు ఉంది, కులం ఉంది, చూసి కూడా సంతకం పెట్టి ఊరుకున్న రోజులున్నాయి. అవి లేకుండా పుస్తకం వేస్తే అది సన్మానపత్రాల సంపుటి అవుతుంది. అలాగని పగ తీర్చుకోవడానికీ ఇది చోటు కాదు. చనిపోయినవారు జవాబు చెప్పుకోలేరు, వాళ్ళ పిల్లలు మన మధ్యనే ఉన్నారు. అందుకని పేరు మార్చండి, ఊరు మార్చండి, అవసరమైతే శాఖ మార్చండి. మార్చినా కథ నిలబడితే అది మనిషి గురించిన కథ. పేరు తీసేస్తే ఏమీ మిగలలేదంటే అది ఫిర్యాదు. రావిశాస్త్రిగారు వకీలు. కోర్టుల్లో చూసిన మనుషులే ఆయన కథల్లోకి వచ్చారు. అయినా ఆ కథలు ఏ ఒక్క కక్షిదారు మీదా కాదు, మొత్తం వ్యవస్థ మీద.

ఎన్నుకోవడం గురించి చివరిగా ఒకటి. అయిదు కాగితాల్లో ఏది రాయాలో వెంటనే తేల్చవద్దు. వారం రోజులు ఆగి, భోజనాల దగ్గర ఒక్కొక్కటి రెండు నిమిషాల్లో చెప్పి చూడండి. విన్నవాళ్ళు ‘బాగుంది’ అంటే నమ్మవద్దు, పెద్దరికానికి అంటారు. ‘తరవాత ఏమైంది?’ అని అడిగినదాన్నే పట్టుకోండి.

ఈ వయసులో ఇప్పుడేమిటి అనుకునేవారికి కాళీపట్నం మాస్టారినే మళ్ళీ గుర్తు చేస్తాను. ఆయన బడిపంతులు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసినవారు. డెబ్బై దాటాక, 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చడానికి ‘కథానిలయం’ స్థాపించారు. 2021లో కన్నుమూసేవరకు కథ చుట్టూనే బతికారు. మనం అంతటి పని తలపెట్టలేదు. అయిదు కాగితం ముక్కలు, అంతే.

వచ్చే నెల సమావేశానికి డబ్బా కార్యదర్శిగారి బల్ల మీద ఉంటుంది. చూపు ఆననివారు పిల్లల చేత రాయించండి. రాలేనివారు కబురు చేస్తే మనవాళ్ళు ఇంటికే వచ్చి రాసుకుంటారు. మంచం మీద ఉన్న మిత్రుల దగ్గరికి ముందుగా వెళ్ళమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వారి కాగితాలే ముందు డబ్బాలో పడాలి.